ముందుపంటి ఫైబర్ బ్రిడ్జి ఎన్నేళ్లు నిలుస్తుంది? పెళ్లిలోపు మార్చుకోవాలా?

అనంతపురం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి విషయం మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. ఆమె వయసు 26. నాలుగేళ్ల క్రితం బండి మీద నుంచి పడటంతో పై వరుసలో కుడివైపు రెండో పన్ను, అంటే నడిమి పెద్ద పన్నుకూ కోరపన్నుకూ మధ్య ఉండే చిన్న పన్ను, వేరుతో సహా ఊడిపోయింది. అప్పుడు చూసిన డాక్టరు పక్క పళ్లను అరగదీయకుండా, వాటి వెనకవైపు గాజు ఫైబర్ పట్టీ అతికించి, దాని మీదే కాంపోజిట్‌తో (పంటి రంగు ఫిల్లింగు పదార్థం) కొత్త పన్ను తయారుచేసి ఒక్క పూటలో పని ముగించారు. దీన్నే ఫైబర్ బ్రిడ్జి అంటారు. చాలాకాలం ఉంటుందని చెప్పారట. రెండో ఏడు చెరకు కొరికినప్పుడు అంచు విరిగితే అదే క్లినిక్కులో సరిచేయించుకున్నారు. ఇప్పుడు చిగురు దగ్గర రంగు మారింది. కోరపన్ను వైపు బొటనవేలితో నొక్కితే సన్నగా కదిలినట్టు అనిపిస్తోంది, చల్లటి నీళ్లు తాగితే అక్కడే జివ్వుమంటోంది.

మాఘమాసంలో ఆమె పెళ్లి. పెళ్లిలోపు పర్మనెంటు పన్ను కట్టించుకోవాలని, అత్తగారింట్లో నలుగురి మధ్య అది ఊడితే తలెత్తుకోలేమని తల్లి పట్టుబడుతున్నారు. ఒక డాక్టరు అటూ ఇటూ రెండు పళ్లనూ అరగదీసి జిర్కోనియా (చాలా గట్టి పింగాణీ) బ్రిడ్జి వేద్దామన్నారు. మరొకరు ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దానిపై కట్టే పన్ను) తప్ప దారి లేదన్నారు. మొదటి డాక్టరు మోసం చేశాడని అన్నయ్య కోపంగా ఉన్నారు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగడం వల్ల తన పళ్ల మీద లేత గోధుమరంగు మచ్చలు ఉన్నాయని కూడా ఆమె రాశారు. ఫైబర్ బ్రిడ్జి అసలు ఎన్నేళ్లు నిలవాలి, ఇప్పుడు ఏం చేయించుకోవాలి, పెళ్లికొడుకుకు ఈ సంగతి చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు, మీరు ఉత్తరం మధ్యలో మామూలుగా రాసి వదిలేసిన ఒక విషయం దగ్గర ఆగాలి. కదలికా, జివ్వుమనడమూ రెండూ కోరపన్ను వైపే ఉన్నాయి. ఫైబర్ పట్టీ ఆ వైపు అతుకు విడి, నడిమి పన్ను వైపు మాత్రం గట్టిగా పట్టుకుని ఉందని దీన్నిబట్టి అనుమానించాలి. ఇలా ఒకవైపు మాత్రమే విడిన బ్రిడ్జి ఊడిపడదు, పెద్దగా నొప్పి పెట్టదు, అద్దంలో చూస్తే బాగానే కనిపిస్తుంది. కానీ విడిన పట్టీకీ పంటికీ మధ్య సందులోకి లాలాజలం, అన్నం మెతుకులు, పిండిపదార్థం చేరతాయి. బ్రష్షు అక్కడికి వెళ్లదు. దాని చాటున కోరపన్ను పుచ్చడం మొదలైతే నెలల తరబడి తెలియదు. పోయిన పన్ను ఒక్కటే, దానికి తోడు ఆరోగ్యంగా ఉన్న కోరపన్ను కూడా పోగొట్టుకోకూడదు. ఏ బ్రిడ్జి, ఎంత ఖర్చు అన్న చర్చలు తర్వాత చేసుకోవచ్చు, ముందు ఈ వారంలోనే ఆ పన్ను చూపించుకోండి. డాక్టరు గాలితో తడి ఆర్పి పట్టీని మెల్లగా నొక్కి చూస్తారు. అంచు దగ్గర చిన్న బుడగలు వస్తే అతుకు విడినట్టే. ఒక ఎక్స్‌రే కూడా తీయించండి.

ఇక ఎన్నేళ్లు నిలవాలన్న ప్రశ్న. ఈ బ్రిడ్జిని శ్లాబుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. లోపల గాజు పోగుల పట్టీ ఇనుప కడ్డీల పని చేస్తుంది, పైన కనిపించే కాంపోజిట్ కాంక్రీటు వంటిది. పోగులు తెగిపోవడం చాలా అరుదు. ఎక్కువగా జరిగేది పైనున్న కాంపోజిట్ పెచ్చు ఊడటం, అంచు విరగడం, రంగు మారడం. ఆ తర్వాత వచ్చేది పట్టీకీ పంటికీ మధ్య అతుకు విడటం. నోరు ఎప్పుడూ తడిగా ఉండే చోటు కనుక కాంపోజిట్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిని పీల్చుకుంటుంది, గాజునూ దాని చుట్టూ ఉన్న రెజిన్ అనే జిగురునూ కలిపి ఉంచే పొర ఆ తడికి క్రమంగా బలహీనపడుతుంది. టీ, కాఫీ, పసుపు పైపైన రంగు పట్టిస్తాయి. మీకు రెండో ఏట జరిగిన విరుపూ, ఇప్పటి రంగు మార్పూ ఈ వస్తువు స్వభావంలో ఉన్నవే.

అంకెలు అడిగారు కాబట్టి చెబుతున్నాను. అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2009లో చేసిన ఒక సమీక్షలో నాలుగున్నరేళ్లకు ఇటువంటి బ్రిడ్జీలు 73 శాతం నిలిచాయని తేలింది. 2017లో వచ్చిన మరో సమీక్షలో దాదాపు ఐదేళ్లకు 94 శాతం నిలిచాయి. ఇంత తేడా ఎందుకంటే, మధ్యలో పోగులూ అంటించే పద్ధతులూ మెరుగయ్యాయి. దానికి తోడు, పెచ్చు ఊడితే సరిచేసిన బ్రిడ్జిని "నిలిచింది" అని లెక్కించాలా "విఫలమైంది" అని లెక్కించాలా అన్నదాన్నిబట్టి కూడా అంకె మారిపోతుంది. మీ బ్రిడ్జినే తీసుకోండి. చెరకు కొరికి విరిగిన రోజే దాని ఆయుష్షు ముగిసిందని ఒక లెక్క, సరిచేశాక మరో రెండేళ్లు పనిచేసింది కాబట్టి అది నిలిచే ఉందని మరో లెక్క. ఈ అధ్యయనాల్లో చాలామట్టుకు ఐదేళ్ల దగ్గరే ఆగాయి కాబట్టి, పదిహేనేళ్లకు ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీకి ఆధారమేమిటని అడగండి.

అందువల్ల మీ అన్నయ్యగారికి ఒక మాట చెప్పాలి. నాలుగేళ్లు గడిచాక ఒక మరమ్మతు, ఒక అతుకు సమస్య రావడం మోసానికి ఆనవాలు కాదు. ఆ డాక్టరు 22 ఏళ్ల అమ్మాయి నోట్లో రెండు మంచి పళ్లను అరగదీయకుండా వదిలారు, అందువల్లే ఈ రోజు మీకు ఇన్ని దారులు మిగిలి ఉన్నాయి. ఆయన చేయవలసి ఉండి చేయనిది ఒకటుంది. "చాలాకాలం" అని సరిపెట్టకుండా, ఆరునెలలకోసారి వచ్చి అతుకు చూపించుకోమని, ఏది జరిగితే వెంటనే రావాలో ముందే చెప్పి ఉండాల్సింది. ఆ లోపం నిజమే, దాన్ని ఆయన దగ్గరే ప్రస్తావించవచ్చు కూడా.

మీ పళ్ల మీది మచ్చల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ రకం బ్రిడ్జి బలం సగం పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ మీదే ఆధారపడుతుంది. అనంతపురం జిల్లాలో చాలా గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ పైపొర యాసిడ్‌కు తేలిగ్గా లొంగదు. కాంపోజిట్ అంటించే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి ఎనామిల్‌ను గరుకు చేస్తారు. మామూలు పళ్లకు పదిహేను నుంచి ముప్పై సెకన్లు చాలు. మచ్చలున్న పళ్లకు పైపొరను కొద్దిగా గరుకు చేసి, జెల్‌ను ఇంకా ఎక్కువసేపు ఉంచడం మంచిదని చాలామంది డాక్టర్లు భావిస్తారు. మీ కోరపన్ను వైపు అతుకు విడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఈసారి ఎవరి దగ్గర ఏం చేయించుకున్నా, "నా పళ్లకు ఫ్లోరైడ్ మచ్చలు ఉన్నాయి, అంటించేటప్పుడు అందుకు తగినట్టు చేస్తారా?" అని, "లాలాజలం తగలకుండా రబ్బరు డ్యామ్ (పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర) వేస్తారా?" అని ముందే అడగండి. ఈ రెండు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దగ్గర పని నిలిచే అవకాశం ఎక్కువ. (మచ్చలు ఇకపై పెరగవు, చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే అవి పడతాయి. అయితే మీ బడి పిల్లలకు ఆ భయం ఇప్పటికీ ఉంది, కాబట్టి బడి బోరు నీటిని పరీక్ష చేయించమని అడగడానికి మీకంటే తగినవారు లేరు.)

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఉన్న బ్రిడ్జిని నిలబెట్టుకోవడం. కోరపన్ను పుచ్చలేదని తేలితే, విడిన పట్టీని అక్కడ పూర్తిగా తీసి శుభ్రం చేసి మళ్లీ అంటించవచ్చు. లేదా ఆ వైపు పట్టీని కోసేసి, నడిమి పన్ను పట్టు ఒక్కటే ఆధారంగా ఉంచవచ్చు. ఈ రెండో మాట వినగానే మీ అమ్మగారు కంగారుపడతారు, రెండు వైపులా ఉన్నదే కదిలితే ఒకవైపు మాత్రమే ఎలా నిలుస్తుందని. ఈ సందేహం తీర్చడం అవసరం. కొరికేటప్పుడు నడిమి పన్నూ కోరపన్నూ ఒకే దిక్కుకు కదలవు. రెంటినీ బిగించి కట్టేస్తే ఆ లాగుడంతా అతుకు మీదే పడి, బలహీనంగా ఉన్న వైపు విడిపోతుంది. ఒక్క పంటికే అంటిన బ్రిడ్జి ఆ పంటితో పాటే కదులుతుంది. పింగాణీతో చేసిన అతుకుడు బ్రిడ్జీల విషయంలో జర్మనీ దంతవైద్యులు దీన్ని గమనించి రాశారు. రెండు రెక్కలున్నవి, అంటే రెండు వైపుల పళ్లకూ అంటించినవి, ఐదేళ్లకు 74 శాతం, ఒక్క రెక్క ఉన్నవి 92 శాతం నిలిచాయి. పైగా ఒక్క రెక్క విడితే పన్ను మొత్తం చేతికొస్తుంది కాబట్టి చాటున పుచ్చే ప్రమాదం ఉండదు. అయితే ఆ లెక్కలు పింగాణీవి, మీది ఫైబర్. మీ నడిమి పన్ను వైపు పట్టు ఎంత వెడల్పుగా, ఎంత మందంగా ఉందో చూశాకే డాక్టరు ఒప్పుకుంటారు. పైన రంగు మారిన కాంపోజిట్‌ను అరగదీసి కొత్త పొర వేయించుకుంటే పెళ్లి ఫోటోల్లో తేడా కనిపించదు. ఖర్చు తక్కువ, ఒకటి రెండు సిట్టింగుల పని. మళ్లీ నాలుగైదేళ్లకు ఏదో ఒక మరమ్మతు తప్పదని మాత్రం ఒప్పుకునే ఈ దారి పట్టాలి.

రెండో దారి, పైన చెప్పిన ఒక్క రెక్క జిర్కోనియా బ్రిడ్జి. ఒక డాక్టరు మీకు చెప్పిన జిర్కోనియా బ్రిడ్జి వేరు, ఇది వేరు. ఇందులో పన్ను దాదాపు అరగదీయరు. ఒకే పక్క పంటి వెనక పల్చటి రెక్క అంటిస్తారు. జర్మనీలోనే గమనించిన ఇటువంటి ముందుపంటి బ్రిడ్జీలు పదేళ్లకు 98 శాతం నిలిచాయి. ఆ ఫలితం పళ్ల కొరుకుడు సరిగ్గా ఉన్నవారిని ఎంచుకుని, అనుభవం ఉన్న చేతులు చేసినదని గుర్తుంచుకోవాలి. కింది పళ్లు పై పళ్ల వెనక లోతుగా తగిలేవారికి రెక్కకు చోటే ఉండదు, రాత్రి నిద్రలో పళ్లు నూరేవారికీ ఇది అంతగా తగదు. జిర్కోనియాను అంటించడం కూడా మామూలు సిమెంటుతో అయ్యే పని కాదు, దాన్ని సన్నటి అల్యూమినా పొడితో గరుకు చేసి, దానికి తగిన ప్రైమరు, రెజిన్ సిమెంటు వాడాలి. ప్రతి క్లినిక్కులోనూ ఈ అలవాటు ఉండదు. మీ ఊళ్లో దొరకకపోతే కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, కర్నూలులోని దంతవైద్య కళాశాలలో గానీ కృత్రిమ పళ్లు కట్టే ప్రోస్థోడాంటిక్స్ విభాగంలో అడిగి చూడండి. ప్రయాణం శ్రమే, కానీ మీ వయసులో ఈ దారికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మూడోది, రెండు పళ్లనూ అరగదీసి మూడు పళ్ల బ్రిడ్జి వేయించుకోవడం. మీ అమ్మగారి మాటలో ఉన్న భరోసా ఇందులో కనిపిస్తుంది, ఎందుకంటే అది గట్టిగా ఉంటుంది, ఊరికే ఊడదు, చాలామందికి పది పదిహేనేళ్లు నిలుస్తుంది. దానికి చెల్లించే మూల్యం కూడా ఆమెకు తెలియాలి. ముందుపంటిని పూర్తి క్యాప్‌కు సిద్ధం చేసేటప్పుడు చిగురు పైన కనిపించే పంటి భాగంలో బరువు ప్రకారం 60 నుంచి 70 శాతం పైచిలుకు పోతుందని కొలిచి చూపిన పరిశోధన 2002లో వచ్చింది. అరిగిన పన్ను మళ్లీ పెరగదు. అలా అరిగిన పళ్లలో కొన్నింటికి ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నరం చచ్చి రూట్ కెనాల్ అవసరమవుతుంది. ఆ బ్రిడ్జికి ఆయుష్షు తీరేనాటికి మీకు నలభై ఏళ్లు, అప్పుడు మళ్లీ అవే రెండు పళ్ల మీద ఇంకా పెద్ద పని మొదలవుతుంది. పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో క్యాపులో ఉంటే నేనే ఈ దారి సూచించేవాణ్ని. మీ ఉత్తరంలో అటువంటి మాట లేదు. ఫైబర్ బ్రిడ్జి ఓడితే ఒక పూట మరమ్మతుతో సరిపోతుంది, ఇది ఓడితే పళ్లే పోవచ్చు. ఎన్నేళ్లు నిలుస్తుందని అడిగినవాళ్లు, విఫలమైన రోజున ఏం మిగులుతుందని కూడా అడగాలని నా నమ్మకం.

నాలుగోది ఇంప్లాంట్. మీ వయసుకు దవడ ఎదుగుదల దాదాపు పూర్తయింది కాబట్టి ఆ అడ్డు లేదు. పక్క పళ్ల జోలికి వెళ్లకపోవడం దీని గొప్ప గుణం. కానీ పన్ను పోయి నాలుగేళ్లయింది, అక్కడి ఎముక ముందువైపు పలచబడి ఉంటుంది. ఎముకను మూడు కొలతల్లో చూపే సీబీసీటీ స్కాన్ తీస్తే తప్ప స్క్రూకు చోటుందో, ముందుగా ఎముక పొడి వేసి పెంచాలో చెప్పలేరు. ఎముక పెంచాల్సి వస్తే మొత్తం పని ఆరు నెలల నుంచి ఏడాది దాకా సాగవచ్చు. మాఘమాసానికి అది అందదు. తొందరపడి అందించేలా చేయించుకుంటే చిగురు వాపుతో, తాత్కాలిక పన్నుతో పెళ్లిపీటల మీద కూర్చోవాల్సి రావచ్చు. ఇంకొకటి, పెద్దయ్యాక కూడా సహజమైన పళ్లు ఏళ్ల తరబడి సన్నగా కిందికి జరుగుతూనే ఉంటాయి, ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత అది పక్క పళ్ల కంటే పొట్టిగా కనిపించే అవకాశం ఉంది. ఇంప్లాంట్ తప్ప దారి లేదన్న మాట సరికాదు, ఇంప్లాంట్ ఒక మంచి దారి అన్న మాట సరైనదే.

తీసి పెట్టుకునే పన్ను గురించి మీరు అడగలేదు, మీకు అది అవసరం కూడా లేదు. ఇంప్లాంట్ పని మధ్యలో కొన్నాళ్లు వాడాల్సి వస్తే వాడతారు, అంతే.

ఈ నాలుగింటినీ మాఘం లోపలే తేల్చుకోవాలన్న నియమమేదీ లేదు. పెళ్లిలోపు కోరపన్నును కాపాడుకుని, ఉన్న బ్రిడ్జిని సరిచేయించుకుని, పెళ్లి హడావుడి తగ్గాక ఒక్క రెక్క జిర్కోనియాకో ఇంప్లాంట్‌కో నెమ్మదిగా వెళ్లవచ్చు. అలా చేస్తే రెండుసార్లు ఖర్చవుతుంది. దానికి బదులు రెండో దారి ఇప్పుడే పట్టవచ్చు, ల్యాబ్ పనికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి సమయం సరిపోతుంది. పెళ్లికి కనీసం నెల ముందే పని ముగిసేలా చూసుకోండి. కొత్త పన్ను నాలుకకు, పెదవికి అలవాటు కావాలి, ఏదైనా తేడా వస్తే సరిచేసుకునే వ్యవధి మిగలాలి. ఆ నెలలోనే మీ మాట కూడా సర్దుకుంటుంది.

పెళ్లికొడుకుకు చెప్పాలా అన్నది మీరు చాలా వాక్యాల్లో అడిగారు, దాని వెనక ఉన్న భయం నాకు అర్థమైంది. ప్రమాదంలో పన్ను పోవడం జబ్బు కాదు, వంశంలో దిగేది కాదు, దాచి పెళ్లి చేశారన్న నింద పడే విషయమూ కాదు. ఇరువైపుల పెద్దలందరికీ చాటి చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. అతనికి మాత్రం ముందే చెప్పడం మేలని నా ఆలోచన. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. ఆరునెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఒక సాకు వెతకాలి, మొదటి పండక్కి అత్తగారు పెట్టిన చెరకు ముక్క ఎందుకు కొరకలేదో సమాధానం చెప్పాలి, ఇంప్లాంట్‌కు వెళ్లాలనుకుంటే ఆ ఖర్చు మాట ఎత్తడమే కష్టమవుతుంది. చెబితే అతను కొంచెం ఆశ్చర్యపోవచ్చు, తన ఇంట్లో చెప్పనూవచ్చు. అది మీకు ఇబ్బందిగా అనిపిస్తే, "ఇది మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి" అని అడగవచ్చు. ఆ మాటకు అతను ఇచ్చే విలువ కూడా పెళ్లికి ముందే తెలుస్తుంది. మీ అమ్మగారు ఒప్పుకోకపోతే, నిర్ణయం మీదేనని మర్యాదగానే చెప్పండి.

ఏ దారి పట్టినా రోజువారీ అలవాట్లు కొన్ని మారాలి. మన సీమలో ముందుపళ్లతో చేసే పనులు ఎక్కువ. చెనిక్కాయల పొట్టు పళ్లతో ఒలవడం, కాల్చిన మొక్కజొన్న కంకిని నేరుగా కొరకడం, చెరకు చీల్చడం, ఎముక చీకడం, కుట్టేటప్పుడు దారం పళ్లతో తెంపడం, ఇవన్నీ మానాలి. జొన్నరొట్టె తినవచ్చు, తుంచి పక్క పళ్లతో నమలండి. కృత్రిమ పన్ను కింద శుభ్రం చేయడానికి మామూలు దారం లోపలికి దూరదు. మందుల షాపులో సూదిలాంటి కొస ఉన్న ఫ్లాసు దొరుకుతుంది, లేదా సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్షు తీసుకోండి, రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చాలు. రాత్రి పళ్లు నూరే అలవాటు ఉందేమో ఇంట్లోవాళ్లను అడగండి. ఉంటే పళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ గార్డు చేయించుకోవాలి, లేకపోతే ఎంత ఖరీదైన బ్రిడ్జి అయినా త్వరగా విడిపోతుంది.

ఈ వారం వెళ్లేటప్పుడు ప్రమాదం నాటి ఎక్స్‌రే ఉంటే తీసుకెళ్లండి, ఎముక ఎంత తగ్గిందో పోల్చి చూడటానికి పనికొస్తుంది. పట్టీ తీశాక కోరపన్ను మీద పుచ్చు కనిపిస్తే, అది చిన్నదైతే ఫిల్లింగు చేసి నడిమి పన్ను ఆధారంగానే ముందుకు వెళ్లవచ్చు, పైన చెప్పిన మొదటి రెండు దారులూ తెరిచే ఉంటాయి. పుచ్చు లోతుగా ఉండి ఆ పంటికి ఎలాగూ క్యాప్ తప్పదని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు ఆ క్యాప్‌నే ఆధారంగా చేసుకుని, నడిమి పన్నును తాకకుండా, కోరపన్నుకు మాత్రమే వేలాడే రెండు పళ్ల బ్రిడ్జి గురించి డాక్టరును అడగండి. కోరపన్ను వేరు పొడవైనది, పక్కనున్న ఒక చిన్న పన్ను బరువును అది మోయగలదు.